రెండో సీసాలో జ్ఞానాంబ

12 ఫిబ్రవరి 1981, కృష్ణగిరి

జనాభా లెక్కల కోసం సుబ్బరాయప్ప వచ్చాడు. బడిపంతులు. తన మామిడి తోటకు మందులు మా అంగడిలోనే కొంటాడు. మా ఇంట్లో ఎవరున్నారో, ఎవరు లేరో ఆయనకు తెలియనిది కాదు. అయినా కాగితం ముందు పెట్టుకుని, కళ్లద్దాలు సర్దుకుని, "ఇంట్లో ఎంతమందప్పా?" అన్నాడు.

"ఒకడే."

"పేరు?"

"నా పేరు మర్చిపోయినావా సుబ్బరాయప్పా?"

"రూలు అప్పా" అన్నాడు తలెత్తకుండా.

ద్వారకనాథ్. యాభై ఆరు. వ్యాపారం, పురుగుమందులు, విత్తనాలు. పెళ్లి సంగతి రాయవలసిన చోట ఆయన పెన్ను ఆగిపోయింది. భార్య పోయింది అని రాసుకోమని నేనే చెప్పాను. అలాంటివాళ్లకు వేరే నంబరు ఉందట, వేసుకున్నాడు. కాఫీ ఇద్దామంటే పాలు విరిగిపోయాయి. నీళ్లు తాగి వెళ్లాడు.

తర్వాత ఏమీ తోచక ఈ డైరీ తీశాను. మందుల కంపెనీ ఏటేటా డీలర్లకు ఇస్తుంది. ఇన్నేళ్లలో నేను ఒక్క అక్షరం రాసి ఎరగను. మార్చి వచ్చేసరికి జ్ఞానాంబ ఆకులన్నీ చించి ముగ్గు పొట్లాలు కట్టేసేది. ఆమె పోయిన డిసెంబరులో పోయింది. ఈ ఏడాది డైరీకి అన్ని ఆకులూ ఉన్నాయి.

13 ఫిబ్రవరి

అంగడి. ఇల్లు. ఉప్మా మాడింది.

20 ఫిబ్రవరి

ఎదురింటి అలివేలమ్మ వచ్చింది. గడప బయటే నిలబడి, "జ్ఞానాంబ పోయినంక మా వాకిట్లో చీమలు మళ్లా దిగినాయప్పా. ఆ ముగ్గుపిండి కొంచెం ఉండాదా?" అని అడిగింది.

లేదు. అయిపోయింది. కానీ లేదనడానికి మనసు రాలేదు. సాయంత్రం ఇస్తానన్నాను.

ఆ ముగ్గు మొదలై పదేళ్లు దాటింది. అప్పట్లో బియ్యప్పిండి ముగ్గుకు ఎర్రచీమలు బారులు కట్టేవి. ఒక రోజు జ్ఞానాంబ అంగడిలోకి వచ్చి, విప్పిన బస్తాలోంచి గమాక్సిన్ పౌడరు ఒక డబ్బాడు తీసుకుని పోయింది. వరికీ రాగికీ పురుగు పడితే చల్లే తెల్ల పౌడరు. దాన్ని ముగ్గురాయి పొడిలో కలిపింది. నేను వద్దన్నాను. అది చేలల్లో చల్లే మందు, వాకిట్లో ఎందుకు, పైగా దండగ అన్నాను. "పంట మీద చల్లేదానికి అమ్మేది మీరే గదా? ఆ పంట మనం తినమా? కడుపులో పడితే లేనిది వాకిట్లో పడితే వచ్చిందా?" అంది. ఆమెతో వాదించి గెలిచిన రోజు నాకు ఒక్కటీ గుర్తు లేదు. చీమలు పోయాయి. తేళ్లు కూడా రావడం మానేశాయి. వీధిలో ఒకరు అడిగారు, తర్వాత అందరూ అడిగారు. పెరట్లో కూర్చుని, కొంగు ముక్కుకు కట్టుకుని, జల్లెడ పట్టి, చేత్తో కలిపి పొట్లాలు కట్టేది. ఆయుధపూజకు గిరాకీలందరికీ ఇంటికొక పొట్లం ఇప్పించేది. వీధిలో దాని పేరు జ్ఞానాంబ ముగ్గు. మాకు పిల్లలు లేరు. "ఇంత వీధిలో రోజూ నా పేరుతోనే తెల్లవారుతుంది, చాలదా?" అనేది. చాలదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

సాయంత్రం ఆమె జల్లెడ తీసి నేనే కలిపాను. అలివేలమ్మ కోడలు తార వచ్చి తీసుకుపోయింది. చేతులు రెండుసార్లు కడుక్కున్నా ఆ ముక్కిన వాసన పోలేదు. అది జ్ఞానాంబ చేతుల వాసన. మూడోసారి కడుక్కోబోయి మానేశాను.

9 మార్చి

అత్తిముగం నుంచి మందులకు వచ్చే చెన్నకేశవ కూతురు మంజుల అంగడికి వచ్చింది. చిన్నప్పుడు వాళ్ల నాయన వెంట బండిలో వచ్చి, బెల్లం ముక్క ఇచ్చేదాకా కదిలేది కాదు. ఇప్పుడు హోసూరులో ఏదో ట్రస్టువాళ్ల ల్యాబులో పరిశోధన చేస్తోంది. బెంగళూరు ఆసుపత్రిలో జ్ఞానాంబకు రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయినప్పుడు వార్డుకు వచ్చిందని గుర్తు. ఏదో కాగితం మీద సంతకం కూడా పెట్టించుకుంది. ఆ రోజు నేను ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టానో నాకే తెలియదు.

"అత్తకు తీసిన గడ్డలో చిన్న ముక్క మేము తీసుకున్నాము మామా. దాంట్లో కణాలను సీసాల్లో పెంచుతా ఉండాము" అంది. "సామాన్యంగా కొన్ని వారాలకే పోతాయి. అత్తవి ఇంకా బతికే ఉండాయి."

ఆ తర్వాత ఆమె చాలా చెప్పింది. పొలాల్లో చల్లే మందులు ఒంట్లో కొవ్వులో చేరితే ఏండ్ల తరబడి పోవట. అవి ఈ కణాలను ఏం చేస్తాయో చూస్తున్నారట. ల్యాబులో ఉన్నది శుద్ధమైన మందు, రైతులు చల్లే సరుకు కూడా పెట్టి చూడాలట. అందుకని మా బస్తాలోని గమాక్సిన్ కొంచెం కావాలంది. ఒక డబ్బా నింపి మూత బిగించి ఇచ్చాను. ఏం చేస్తావమ్మా అని అడగలేదు. బతికే ఉండాయి అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను.

10 మార్చి

బతికే ఉన్నాయి.

21 మార్చి

హోసూరుకు వెళ్లాను. విత్తనాల పని ఉందని అంగడి మూశాను. విత్తనాల పని ఏమీ లేదు.

ఉతికిన పంచె కట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరాను. కుందారపల్లి దాటేదాకా కూర్చోవడానికి చోటు దొరకలేదు. ల్యాబు ఇండస్ట్రియల్ ఎస్టేటు పక్కన రేకుల కప్పు కట్టడం. చెప్పులు విప్పించి వేరే చెప్పులు ఇచ్చారు. గుళ్లో కూడా ఇంత మడి ఉండదు. మంజుల ఒక చిన్న గాజు సీసా తెచ్చి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. కళ్లద్దాలు తీసి చూడమంది. మొదట నా కనురెప్పలే కనిపించాయి. తర్వాత కనిపించాయి, నానబెట్టిన సగ్గుబియ్యంలా గుంపులు గుంపులుగా.

"ఇవేనా?"

"ఇవే మామా."

పలకరించాలనిపించింది, సిగ్గేసింది. కళ్లు తుడుచుకుంటే అద్దం మసకగా ఉంది కాబోలనుకుని మంజుల దాన్ని తుడిచింది.

వీటికి ఆహారం ఏమిటని అడిగాను. ఎర్రటి నీళ్లు చూపించింది. అందులో ఉప్పులు, చక్కెర, ఇంకా దూడ రక్తంలోంచి తీసిన సీరం ఉంటాయంది. నాకు ఒళ్లు మండింది. జ్ఞానాంబ కార్తీకంలో ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. "ఇంకేమీ దొరకలేదా తల్లీ? పాలు పెట్టకూడదా?" అన్నాను. మంజుల నవ్వలేదు. "పాలకు బతకవు మామా" అంది. సరే అన్నాను. ఆసుపత్రిలో కూడా డాక్టరు చెబితే గుడ్డు తినిపించాను కదా, మొహం పక్కకు తిప్పుకుని తినింది.

సీసాలు మూడు వరుసలు ఉన్నాయి. ఏ వరుసలో ఏముందో చెప్పబోయింది. అదంతా నాకెందుకమ్మా, ఎట్లా ఉన్నాయో చెప్పు చాలన్నాను. మొదటి వరుస కొంచెం డల్లుగా ఉందట. రెండో వరుస బాగా పెరుగుతోందట.

తిరిగి వస్తూ బస్సులో చాలా రోజులకు నిద్రపోయాను.

18 ఏప్రిల్

హోసూరు. రెండో సీసా చాలా బాగుంది. మొదటిది అంతంత మాత్రం.

23 మే

హోసూరు. మంజులతో చెప్పాను, రెండోదానికి ఏం పెడుతున్నారో మొదటిదానికి కూడా అదే పెట్టండి అని. అట్లా పెట్టకూడదు మామా, పోల్చి చూడాలి గదా అంది. పిల్లలిద్దరిలో ఒకరికే నెయ్యి వేసినట్లుంది వీళ్ల యవ్వారం.

ఇంటికి వచ్చేసరికి అలివేలమ్మ వాకిట్లో ఉంది. "నెలనెలా ఇస్త్రీ చొక్కా ఏసుకోని హోసూరుకు పోతా ఉండారంట. ఎవురప్పా ఆడ? మాకూ చెప్పండి, సంబంధం మంచిదైతే మేమే మాట్లాడతాము" అంది. ఎగతాళిగానే అన్నా మనసులో కొంత నమ్మినట్లే ఉంది. తార తలుపు వెనకనుంచి నవ్వు ఆపుకుంటోంది.

"ఉంది, పాత సంబంధమే" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇంట్లోకి వచ్చాక చాలాసేపు మంచం మీద కూర్చున్నాను. నిజంగానే ఆ రోజు కోసం నెలంతా ఎదురుచూస్తున్నాను. ఎవరికైనా చెప్పుకుంటే పిచ్చి పట్టిందంటారు.

13 జూన్

వానలు. బస్సు లేదు. పోలేకపోయాను.

11 జూలై

రాయాలని లేదు. రాస్తాను.

ఈసారి నేను వద్దన్నా మంజుల చెప్పింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ చెప్పింది. మొదటి వరుసలో ఏ మందూ లేదు. మూడో వరుసలో డీడీటీ. "రెండో వరుసలో మీరిచ్చిన పౌడరు మామా."

రెండో సీసాలో గమాక్సిన్. నేను డబ్బాలో నింపి ఇచ్చింది.

"అయితే మన మందు మంచిదే గదమ్మా, అంత బాగా పెరుగుతున్నాయంటే" అన్నాను. అన్న మాట అన్నట్లే రాస్తున్నాను. మంజుల మెల్లగా, "పెరగకూడదు మామా. అవి క్యాన్సర్ కణాలు" అంది.

ఆడవాళ్ల ఒంట్లో ఊరే ఒక రసం తగిలితే ఆ కణాలు పెరుగుతాయట. ఈ పౌడరులో ఉన్న ఒక పదార్థాన్ని చూసి అవి ఆ రసమే అనుకుంటున్నాయట. జ్ఞానాంబ ఒంటి కొవ్వును కూడా పరీక్ష చేశారట. అందులో ఈ మందు ఉంది. చాలా ఉంది.

"దీనివల్లే వచ్చిందా?" అని అడిగాను.

"సీసాలో జరిగింది చెప్పగలను. మనిషిలో ఏం జరిగిందో ఈ సీసా చెప్పలేదు మామా. దానికి శానా కారణాలు ఉంటాయి. బిడ్డలు లేనోళ్లకు కూడా ఎక్కువగా వస్తాది." ఆ తర్వాత, "అత్త ఈ పౌడరు ఎక్కువగా ముట్టుకునేదా?" అని అడిగింది.

"లేదు" అన్నాను. "అంగడిలోకే వచ్చేది కాదు."

ఎందుకలా అన్నానో తెలియదు. నోరు అలా తిరిగింది. లేచి వస్తుంటే మంజుల ఇంకో మాట చెప్పింది. ఈ మందు తల్లిపాలలో కూడా దిగుతుందట, ఎక్కడెక్కడో పరీక్షలు చేశారట.

12 జూలై

పిల్లలు లేనివాళ్లకు వస్తుంది. మంజుల స్పష్టంగా చెప్పింది. కారణం అదే.

14 జూలై

కారణం అదే. పైగా గడ్డ ఉన్నట్లు తెలిసి కూడా ఏడాది దాచింది. నొప్పి లేదు కదా అంది. ముందే చెప్పి ఉంటే సరిపోయేది.

16 ఆగస్టు

హోసూరుకు వెళ్లలేదు. పోయిన నెల రాసింది ఇప్పుడు చదివాను. బిడ్డలు లేరని ఊరంతా ఒక్కొక్క మాట అంటుంటే బతికినన్నాళ్లూ ఆమె తరఫున పోట్లాడాను. ఇప్పుడు నేనే ఆ మాట రెండు రోజుల్లో రెండుసార్లు రాసుకున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

2 సెప్టెంబరు

తారకు నెల తప్పిందట, నాలుగో నెల. పెళ్లయిన ఏడేళ్లకు. అలివేలమ్మ వీధంతా చక్కెర పంచింది. నా చేతిలో పెడుతూ, "జ్ఞానాంబ ఉంటే ఎంత సంతోషపడి ఉండునో" అని ఏడ్చింది. తార అంటే జ్ఞానాంబకు ప్రాణం. పెద్ద ముగ్గులు వేయడం ఆ పిల్లకు నేర్పింది ఆమే. వేళ్ల సందున పిండి ఎంత ఒదులుగా పట్టుకోవాలో, చేయి పట్టి నేర్పింది.

7 అక్టోబరు

ఆయుధపూజ. త్రాసుకు, తూకం రాళ్లకు బొట్లు పెట్టాను. విత్తనాల సంచులు, మందు బస్తాలు వరుసగా పేర్చి పసుపు కుంకుమ చల్లి హారతి ఇచ్చాను. గమాక్సిన్ బస్తాకు కూడా బొట్టు పెట్టాను. పెట్టక ఏం చేయను? మిగతావాటికి పెట్టి దానికి మానితే తప్పు దానిదేనని నాకు నేను ఒప్పుకున్నట్లవుతుంది.

పొట్లాలు కట్టలేదు. కట్టకూడదనే అనుకున్నాను. పది గంటలకు గిరాకీలు రావడం మొదలైంది. మొదట వచ్చిన ముసలమ్మ చేయి చాచి, "అమ్మ ఉన్నన్నాళ్లూ ఇచ్చింది, ఈ ఏడు లేదా?" అంది. ఆ చాచిన చేయి చూసి లేదనలేకపోయాను. లోపలికి వెళ్లి కలిపాను. సాయంత్రం దాకా కలుపుతూనే ఉన్నాను.

తార కూడా వచ్చింది, రెండు పొట్లాలు తీసుకుంది. "ధనుర్మాసానికి ఇంకా శానా కావల్ల పెదనాయనా, నెలంతా పెద్ద ముగ్గులు గదా" అంది.

8 అక్టోబరు

సీసాలో జరిగింది మనిషిలో జరగాలని లేదు. మంజులే అంది.

14 నవంబరు

ఉండబట్టలేక హోసూరుకు వెళ్లాను.

మొదటి వరుస చచ్చిపోయింది. మందు లేనివి. ఒక్కొక్కటే సీసా అడుగు వదిలి పైకి తేలిపోయాయట. మూడోది కూడా దాదాపు పోయినట్లే. రెండోది మాత్రం సీసా నిండుగా ఉంది. అద్దంలో చూశాను. మార్చిలో చూసినదానికి పదింతలు ఉన్నాయి, చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

"రెండోదాన్ని జాగ్రత్తగా చూసుకోమ్మా" అన్నాను. "పౌడరు అయిపోతే చెప్పు, ఇంకో డబ్బా తెచ్చి ఇస్తాను. ఎట్లైనా దాన్ని మాత్రం పోనియ్యద్దు."

నా గొంతు ఎలా ఉందో ఏమో, పక్క బల్ల దగ్గర ఉన్నవాళ్లు లేచి బయటికి వెళ్లిపోయారు. మంజుల నా చేతిలోంచి సీసా తీసుకుని బల్ల మీద పెట్టింది. "మామా, నా మాట ఇనండి. నేను ముందే చెప్పుండల్ల. మీరు వస్తా ఉంటే, చూసుకోని సంతోషపడతా ఉంటే, నాకు నోరు రాలేదు. అది అత్త కాదు. అత్తను చంపింది అది."

నేను సీసా వైపే చూస్తున్నాను.

"అత్త పోయింది మామా. ఇది మాత్రమే మిగిలింది. దీన్ని సాకేదానికి మీరు డబ్బా మోసుకోని రావద్దండి."

ఎనిమిది నెలలుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి నేను క్షేమసమాచారం అడిగింది దాన్ని. బాగా పెరుగుతోందంటే పండగ చేసుకున్నాను. దూడ రక్తం పెడుతున్నారని దాని మడి కోసం పోట్లాడాను. ఆమెను ముక్కలు ముక్కలుగా తినేసిన దానికి నా చేత్తో మేత ఇచ్చాను.

అప్పుడు మంజులకు నిజం చెప్పాను. ముగ్గు సంగతి, జల్లెడ సంగతి, పదేళ్లు రోజూ ఆమె వేళ్ల మధ్య ఆ పౌడరు ఉన్న సంగతి. వీధి అంతా పంచిన సంగతి, ఇప్పటికీ పంచుతున్న సంగతి. మంజుల ముఖం పాలిపోయింది. "ఇప్పటికీనా? ఆ ఇండ్లల్లో కడుపుతో ఉండేవాళ్లు, పాలిచ్చేవాళ్లు ఉండారా?" అని ఒక్కటే అడిగింది.

ఉన్నారన్నాను.

"అయితే మీరే చెప్పల్ల మామా. నేనొచ్చి చెప్పినా నమ్మరు. గమాక్సిన్ వాసన అందరికీ తెలిసిందే, ఏం కాలేదే అంటారు."

15 నవంబరు

చెప్పాలి. చెప్పడం కష్టం కాదు. ఎదురింటికి వెళ్లి, ఆ పిండి పారేయండి, అది మంచిది కాదట అంటే సరిపోతుంది.

తర్వాత వాళ్లేమంటారో కూడా తెలుసు. ఎవరు మొదలుపెట్టారు ఇది అంటారు. జ్ఞానాంబ ముగ్గు అని పేరే ఉంది కదా. తార కడుపు మీద చేయి పెట్టుకుని ఆ పేరు తలుచుకుంటుంది. ఇక ఈ వీధిలో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరికి ఏ గడ్డ లేచినా, జ్ఞానాంబ పెట్టిన విషం అంటారు. ఆమెకు ఉన్నది ఆ పేరు ఒక్కటే. పిల్లలా ఉన్నారు, ఆమె తరఫున మాట్లాడటానికి? ఉన్నది నేనొక్కడినే, ఆమెను ఊరి నోట్లో వేయలేను.

17 నవంబరు

ధనుర్మాసం దాకా సమయం ఉంది.

19 నవంబరు

పొద్దున తార ముగ్గు వేస్తుంటే కిటికీలోంచి చూశాను. వంగడం కష్టమై పీట మీద కూర్చుని వేస్తోంది. వేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, అదే చేత్తో కొబ్బరి ముక్క తింటోంది. ఇంక సమయం లేదు.

22 నవంబరు

చెప్పేశాను.

అలివేలమ్మ, తార ఇద్దరూ వసారాలో చింతపండు గింజలు తీస్తున్నారు. వెళ్లి నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చోలేదు. ముగ్గుపిండిలో ఉన్న మందు ఒంట్లోకి దిగుతుంది, క్యాన్సరును పెంచుతుందని హోసూరు ల్యాబులో కనిపెట్టారు, పాలల్లో కూడా దిగుతుంది, ఇంట్లో ఉన్నదంతా ఇచ్చేయండి, నేను తీసుకుపోతానన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను.

తార తన వేళ్లు చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. "అయితే పెద్దమ్మకు..." అంది.

"కావచ్చు. కచ్చితంగా ఎవరూ చెప్పలేరు."

అలివేలమ్మ ఇంకా చింతపండు పట్టుకునే ఉంది. "ఏమప్పా ఇది? జ్ఞానాంబ చేత్తో ఇచ్చిందని కండ్లకద్దుకోని తీసుకుంటిమే. ఇట్లాంటిదని ఆమెకు తెలీదా? తెలిసే ఇచ్చిందా మాకు?"

నేను ఏడు రోజులుగా భయపడిన మాట అదే. వినగానే నా నోట్లోంచి జవాబు వచ్చేసింది. ముందే అనుకున్నది కాదు.

"ఆమె వద్దన్నింది" అన్నాను. "మొదటి రోజే అన్నింది. ఇది చేలల్లో చల్లే మందు, వాకిట్లో ఎందుకు అని. నేనే ఇనలేదు. ఊరికే పంచితే అంగడికి పేరొస్తాదని నేనే బలవంతంగా కలిపించినాను. ఎన్నిసార్లు మానేద్దామన్నా నేను మాననియ్యలేదు."

"పెద్దమ్మ వద్దన్నిందా?" అంది తార.

"వద్దన్నింది."

అలివేలమ్మ లేచింది. వయసులో నాకంటే పెద్దది, ఎప్పుడూ అప్పా అనే పిలిచేది. "ఆమె మాట ఇనింటే ఆ మహాతల్లి ఈ పొద్దు ఉండును గదరా. నీ అంగడి కోసం పెండ్లాన్ని పొట్టన పెట్టుకున్నావు. ఇప్పుడు నా కోడలి మీదికి వచ్చినావా?" అంది. ఇంట్లోకి వెళ్లి డబ్బా తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. విసిరేయలేదు. గాలికి పిండి లేస్తుందని కాబోలు, మెల్లగానే పెట్టింది. "ఇంగ మా గడప తొక్కొద్దు."

తార నూతి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంటోంది. నేను వీధి చివరి దాకా ఇల్లిల్లూ తిరిగి, చెప్పి, తీసుకుని, అన్నీ సంచిలో వేసుకునేదాకా ఆ నీళ్ల చప్పుడు వినిపిస్తున్నట్లే ఉంది. ప్రతి ఇంట్లోనూ అదే అబద్ధం చెప్పాను. మూడో ఇంటికి వచ్చేసరికి బాగా అలవాటైంది. ఊరవతల గుంత తీయించి పూడ్చాను. పూడ్చినా పోదని మంజుల చెప్పింది, మట్టిలో కూడా ఏళ్ల తరబడి ఉంటుందట. ఇంకెక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

24 నవంబరు

అంగడిలో మగవాళ్లు మామూలుగానే వస్తున్నారు. సామల్పట్టి నుంచి ఒకాయన వచ్చి గమాక్సిన్ అడిగాడు. లేదన్నాను. వెనక బస్తా కనిపిస్తూనే ఉంది. "అదేంది మరి?" అన్నాడు. అమ్మేది కాదన్నాను. నన్ను ఎగాదిగా చూసి పక్క అంగడికి వెళ్లి కొనుక్కున్నాడు.

28 నవంబరు

మంజుల వచ్చి వెళ్లింది. వాళ్ల పెద్దసారు రెండో సీసాను చలిలో గడ్డకట్టించి దాచమన్నాడట, ముందు ముందు పరిశోధనలకు పనికొస్తుందని. "మీకు ఇష్టం లేకుంటే చెప్పండి మామా, నేను మాట్లాడతాను" అంది.

"నీ పని నువ్వు చెయ్యమ్మా" అన్నాను. "దాని గుట్టేదో బయటికి లాగు. నేను మాత్రం ఇంక రాను."

వెళ్లేటప్పుడు బెల్లం ముక్క ఇచ్చాను. ముప్పై ఏళ్ల పిల్ల, అంగడి మెట్ల మీద నిలబడి తినేసి వెళ్లింది.

4 డిసెంబరు

తార సీమంతం. నన్ను పిలవలేదు. పిలవరని తెలుసు, అయినా పొద్దున్నే గడ్డం గీసుకున్నాను.

కిటికీ మూసి కూర్చున్నా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. గాజులు తొడిగారు, పాటలు పాడారు. తాంబూలాలు పంచేటప్పుడు అలివేలమ్మ గొంతు గట్టిగా వినిపించింది. "మొదటి తాంబూలం జ్ఞానాంబ పేరున తీసి పెట్టండమ్మా. పాపం, వద్దు వద్దంటా ఉంటే ఇనలేదంట ఆ మనిషి. ఆమె మనసు ఎంత నలిగిపోయిందో." ఎవరో ముక్కు చీదుకున్నారు. ఆడబిడ్డ పుడితే జ్ఞానాంబ అని పెడతానంది తార. ఆ మాట కూడా విన్నాను. సంతోషంగా ఉంది. దుఃఖంగా కూడా ఉంది. రెండింటిలో ఏది ఎక్కువో చెప్పలేను.

ఇంతసేపు వాళ్లు తలుచుకుని ఏడ్చింది మెతక మనిషిని, మొగుడి మాటకు ఎదురు చెప్పలేక నలిగిపోయిన మనిషిని. అలాంటి ఆడమనిషి ఈ ఇంట్లో ఒక్క రోజు కూడా లేదు. జ్ఞానాంబ ఈ మాటలు విని ఉంటే కిటికీ రెక్కలు రెండూ తెరిచి, వీధంతా వినపడేలా, "నేనెప్పుడు వద్దన్నాను? అది నా ఆలోచన, మీదని చెప్పుకుంటారా?" అని నాతో పోట్లాటకు దిగేది. ఆ పోట్లాటలో కూడా నేనే ఓడిపోయేవాడిని.

కిటికీ మూసే ఉంది. మధ్యాహ్నం అన్నం వండుకున్నాను.